మంత్రి గారూ, "పురుగు ముట్టింది" అంటే ఏంటో ఏఐకి తెలీదండి

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నాది కోనసీమ, మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్తాను. డాక్టర్ చదువుల్లోకి ఏఐ తెస్తామని ఎక్కడ చూసినా అదే మాట, తేవాలి కూడా, నేను అడ్డం కాదు, కానీ తెచ్చే ముందు మా క్యాజువాలిటీలో జరిగింది ఒక్కటి మీరు వినాలండి.

కిందటి వర్షాకాలం, తెల్లారకుండానే ఒక కూలీ మనిషిని ఆటోలో పట్టుకొచ్చారు. "నేల మీద పడుకున్నాడండి, రాత్రి ఏదో పురుగు ముట్టినట్టుందండి, కడుపులో నొప్పంటున్నాడు" అంది ఆయన భార్య. రాత్రిపూట పాము పేరెత్తకూడదని మన ఊళ్ళల్లో పురుగు అనే అంటారు కదా. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ వేరే రాష్ట్రం కుర్రాడు, మంచి ర్యాంకరే, ఆవిడ మాటని అలాగే ఫోన్‌లో ఏఐ యాప్‌కి వినిపించాడు, అది నిజంగానే పురుగు కుట్టిందనుకుని ఎలర్జీ మాత్ర, ఐస్ పెట్టమని చెప్పింది. ఈలోపు స్టాఫ్ నర్సు గారు పేషెంట్ మొహం చూశారు, కనురెప్పలు వాలిపోతున్నాయి, ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. "సార్, కట్లపామండి ఇది" అన్నారు. కట్లపాము కరిస్తే కరిచిన చోట నొప్పి పెద్దగా తెలీదు, గాటు కూడా సరిగ్గా కనబడదు, విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపేస్తుంది. పాము విషానికి విరుగుడు మందు, యాంటీ స్నేక్ వీనమ్, టైముకి పడింది, వెంటిలేటర్ కూడా పెట్టాల్సొచ్చింది, బతికాడండి.

ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను, పురుగంటే పామని వాడికి చెప్పినవాళ్ళు లేరు.

ఈ రీసెర్చ్ నేను ఫాలో అవుతూనే ఉన్నాను. మొదట్లో అంతా పరీక్ష మార్కులే, 2023లో చాట్‌జీపీటీ అమెరికా డాక్టర్ల లైసెన్స్ పరీక్షలో పాస్ మార్కు 60 శాతం దాకా వచ్చిందన్నారు, అదే ఏడాది గూగుల్ మోడల్ ఒకటి ఆ తరహా ప్రశ్నల్లో 86.5 శాతం తెచ్చుకుంది. తర్వాత ఏఐనే పేషెంటులా మాట్లాడించి స్టూడెంట్ చేత హిస్టరీ (జబ్బు వివరాలు) తీయించడం, ఏం అడగడం మర్చిపోయాడో వెంటనే చెప్పడం, దీని మీద పని బాగా పెరిగింది. నాకు ఇది నిజంగా నచ్చిందండి, ప్రతి పిల్లాడి పక్కనా మంచం దగ్గర నిలబడి నేర్పే టైము మాకెక్కడిది, ఇదైతే హాస్టల్లో రాత్రి ఎన్నిసార్లైనా ప్రాక్టీస్ చేసుకుంటారు. కానీ ఆ పేషెంట్ పుస్తకం ఇంగ్లీషులో ఛాతీనొప్పి ఎడమ చేతికి పాకుతోందని చెప్తాడు, మా పేషెంట్ మామ్మ గారు "గుండెల్లో గాబరాగా ఉంది బాబూ, ఒళ్ళంతా చెమట్లు పోసేసింది, గ్యాసేమో" అంటారు.

ఇంకో భయం కూడా ఉంది. పోలండ్‌లో 2025లో వచ్చిన స్టడీ చూడండి, ఒక్కొక్కరూ రెండు వేలకి పైగా కొలనోస్కోపీలు (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష) చేసిన డాక్టర్లు, ఏఐకి అలవాటు పడ్డాక అది లేకుండా చేసిన కేసుల్లో కేన్సర్‌గా మారే కణుతుల్ని పట్టుకోవడం 28.4 నుంచి 22.4 శాతానికి పడిపోయింది. చేయి తిరిగినవాళ్ళకే అలా ఉంటే ఇంకా రెప్ప ఎత్తి చూడ్డం నేర్చుకోని పిల్లల సంగతేంటి? అందుకే హౌస్ సర్జన్ ముందు తను పేషెంట్‌ని చూసి తన డయాగ్నసిస్ రాశాకే ఏఐని అడగాలని రూలు పెట్టండి.

నేను అడిగే అసలు పని పెద్ద ఖర్చుది కాదండి. కాకినాడ రంగరాయ, రాజమండ్రి, ఏలూరు కాలేజీల క్యాజువాలిటీల్లో పేషెంట్లు చెప్పే మాటల్ని వాళ్ళని అడిగి ఒప్పుకున్నాకే, పేర్లు తీసేసి, తెలుగులో ఉన్నదున్నట్టు రికార్డు చేయించండి, బోదకాలు, రక్తపింజరి కాటు, పురుగుల మందు తాగిన కేసులు అన్నీ రావాలి. ఏం జరిగిందో డాక్టర్‌తో పాటు నర్సుల్ని కూడా కూర్చోబెట్టి రాయించండి. కాలేజీలకి ఏ ఏఐ కొన్నా ముందు ఈ కేసుల మీద పరీక్ష పెట్టాకే కొనండి. ఎంబీబీఎస్ ఫౌండేషన్ కోర్సులో లోకల్ లాంగ్వేజ్ నేర్పాలని ఎలాగూ ఉంది, బయట నుంచి వచ్చే పిల్లలకి అక్కడే ఇవి వినిపించొచ్చు.

మొదటి కేసు నేనే రాసిస్తాను, ఆ కూలీ భార్య ఒప్పుకుంటే ఆవిడ అన్న మాట అన్నట్టుగానే.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక మెడిసిన్ టీచర్