సంతకం కన్నా ముందు 307వ పేజీ

చిరంజీవి శ్రావణికి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. లండన్‌లో పాత పుస్తకాల దుకాణంలో నువ్వు చూసిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ నవల ప్రతి తాలూకు ఫొటోలు అందాయి. దాన్ని రాసిన రైడర్ హగ్గర్డ్ చేతిరాత కంటపడగానే నీకు మనసు ఆగలేదని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. అయినా ఆ రాతను కాసేపు పక్కన పెట్టి ముందు పుస్తకాన్ని చూడు. అది 1885 సెప్టెంబరులో కాసెల్ ప్రచురణ సంస్థ వేసిన తొలి ముద్రణే అయితే 307వ పేజీ 29వ పంక్తిలో ‘వర్డ్’ అనే ఇంగ్లిష్ మాటలో ఓ, ఆర్ అక్షరాలు తారుమారై ఉండాలి. 10వ పేజీలో బమాంగ్వాటో అనే పేరులో ఎన్ ఉండవలసిన చోట ఎమ్ పడి ఉండాలి. అచ్చుతప్పుకు ఇంత గౌరవం దక్కే వ్యాపకం ఇంకొకటి లేదనుకుంటాను. పుస్తకమే 1885 తర్వాత వేసిన ముద్రణ అయి, దానిలోని రాత మీద మాత్రం 1885 నాటి తేదీ ఉంటే, ఇక సిరాను పరీక్షించే శ్రమ కూడా అక్కరలేదు.

ఉత్త సంతకమే ఉంటే శుభ్రంగా ఉండేది, ఎవరిదో పేరు రాసి ఇచ్చిన ప్రతి మనకెందుకు అని నువ్వు అడిగావు. పాత పుస్తకాల విషయంలో నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. రెండు మాటల సంతకాన్ని అనుకరించడం తేలిక; పేరు, తేదీ, ఒక వాక్యం కలిసి ఉన్న రాతను అనుకరించడం కష్టం, పైగా ఆ పేరు గల మనిషికి రచయితతో ఉన్న సంబంధాన్ని వెతికి చూడవచ్చు. స్టీవెన్‌సన్ రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’లో సగమైనా బాగుండే కథ నువ్వు రాయలేవని తన అన్నగారు పందెం కాయడం వల్లనే హగ్గర్డ్ ఈ నవల రాశాడు. కాసెల్ వారు ఏకమొత్తంగా వంద పౌండ్లు గాని, పదిశాతం రాయల్టీ గాని తీసుకోమన్నప్పుడు ఆయన వంద పౌండ్లకు ఒప్పుకోబోతుంటే, ఆ గదిలోనే ఒక మూల కూర్చున్న గుమాస్తా రాయల్టీ తీసుకోమని సలహా చెప్పాడట. ఆ అన్నకో, ఆ గుమాస్తాకో రాసి ఇచ్చిన ప్రతి ఎక్కడైనా బయటపడితే దాని వెల నా ఊహకు అందదు. నువ్వు చూసిన ప్రతిలోని పేరు ఎవరిదో ఇంకా తేలవలసి ఉంది. పుస్తకం వెలువడిన రెండేళ్ళకు రాసి ఇవ్వడం సాధ్యమే కాబట్టి, తేదీ 1887 కావడం మాత్రం లోపం కాదు.

ఆనాటి సిరాలో ఇనుము ఉండేది కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ అది గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత కాగితం మీద వచ్చే తుప్పు రంగు మచ్చ దగ్గర సిరా పాకినట్టు అలుక్కుని ఉంటే, మచ్చ ముందు వచ్చి రాత తర్వాత చేరిందని అనుమానించు. ఎదురు పుట మీద రాత నీడ లేతగా పడి ఉంటే మంచి గుర్తే. ఆ కాగితం మిగతా పుటలతో కలిసి కుట్టులో ఉందో, మరో పుస్తకం నుంచి తెచ్చి జిగురుతో అంటించారో కూడా చూడాలి.

స్టీవెన్‌సన్ సంగతి అడిగావు. నువ్వు చిన్నప్పుడు నండూరి రామమోహనరావు గారి ‘కాంచన ద్వీపం’గా చదివిన ఆ ‘ట్రెజర్ ఐలాండ్’ నవలకు 1883 నాటి తొలి ముద్రణ దొరకడమే కష్టం. 1887లో బ్రిటన్ విడిచి వెళ్ళిన ఆయన తిరిగి రాకుండానే 1894లో సమోవాలో మరణించాడు కనుక, ఆయన స్వహస్తంతో రాసి ఇచ్చిన ప్రతి మన తాహతుకు అందేది కాదు. ఏదో ఉత్తరంలోంచి కత్తిరించిన సంతకాన్ని అంటించి అమ్మేవి ఎదురైతే, సంతకానికీ పుస్తకానికీ వేర్వేరుగా వెల కట్టుకో.

10, 307 పేజీల ఫొటోలు, రాత ఉన్న కాగితం కుట్టు దగ్గర తీసిన ఫొటో పంపమని ఆ దుకాణదారును అడుగు. ప్రతి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకో. అవి వచ్చేవరకు అడ్వాన్సు కూడా ఇవ్వకు. ధర సంగతి మాత్రం ఉత్తరంలో రాయకు, ఇంటికి వచ్చిన ఉత్తరాలన్నీ ముందు మీ అమ్మే విప్పుతుంది.

ఆశీస్సులతో,
నాన్న