సైగను కూడా సంభాషణగా గుర్తించండి

గౌరవనీయులైన దివ్యాంగుల సంక్షేమ శాఖ అధికారి గారికి,

నమస్కారం. మా అమ్మాయికి ఏంజెల్‌మన్ సిండ్రోమ్ ఉంది. 1965లో పిల్లల వైద్యుడు హ్యారీ ఏంజెల్‌మన్ తొలిసారి వివరించిన ఈ స్థితికి, తల్లి నుంచి వచ్చే 15వ క్రోమోజోములోని యూబీఈ3ఏ జన్యువు పనిచేయకపోవడం కారణం. ఇది ఉన్నవారిలో చాలామందికి మాటలు రావు, వచ్చినా ఒకటి రెండే. అయినా పలకగలిగినదానికంటే ఎంతో ఎక్కువ అర్థం చేసుకుంటారు.

దాహం వేస్తే మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని, నా అరచేతిని గ్లాసు మీద ఆనించి, నేను తన ముఖంలోకి చూసేదాకా వదలదు. పరీక్షించినవారు మాత్రం పత్రంలో 'సంభాషణ: లేదు' అని రాశారు. ఆ రెండు పదాలతోనే ఆమెకు స్పీచ్ థెరపీ అవసరం లేదని తేల్చేశారు. ఆ కాగితం చదివిన రోజు నాకు ఏడుపు ఆగలేదు.

మాటను బట్టే అంచనా వేస్తే ఇతరులకూ నష్టమే. విలియమ్స్ సిండ్రోమ్ అనే మరో జన్యు స్థితి ఉన్నవారి కష్టం వేరు: వారు చాలావరకు చక్కగా మాట్లాడతారు గనుక, ఎదుటివారి మాటల్లోని ఆంతర్యం అందక పడే ఇబ్బంది ఎవరి కంటా పడదు.

కాబట్టి పరీక్ష పత్రంలో చూపుకూ సైగకూ, చేయి పట్టి చూపడానికీ విడిగా చోటు కల్పించాలని, ఆ భాగాన్ని రోజూ వెంట ఉండేవారిని అడిగి నింపాలని, మాట వచ్చేదాకా ఆగకుండా బొమ్మల పలకలు, మాట్లాడే పరికరాలు ఇప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి