మడత గాలం కర్రకీ లగేజీ టికెట్టేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

సెలవులు వస్తున్నాయంటే చాలు, పేపర్ల నిండా ఎక్కడికెళ్ళాలి, ఏం తినాలి, ఫొటో ఎక్కడ దిగాలి అన్న కబుర్లే. సంచిలో ఓ గాలం కర్ర దోపుకుని ఏటి ఒడ్డుకో సముద్రం ఒడ్డుకో పోయే మాలాంటి వాళ్ళ కోసం మాత్రం ఒక్క ముక్క ఉండదు. నేను శ్రీకాకుళంలో ఆర్టీసీ కండక్టరుని. ఆఫ్ దొరికితే కళింగపట్నం, పూర్తి సెలవు దొరక్కపోతే నాగావళి ఒడ్డు. ఈమధ్య కుర్రాళ్ళు నా సంచిలో ఉన్న మడత రాడ్డు చూసి "అన్నా, ఇలాంటిది ఏది కొనమంటావు" అని అడుగుతున్నారు. టికెట్లు కొడుతూ అంత కథ చెప్పలేను కాబట్టి మీకు రాస్తున్నా.

చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది వెదురు గెడే. సన్నటి గెడ, నైలాన్ దారం, జీలుగ బెండు, సీసం ముక్క, ఎర గుచ్చిన గాలపు ముల్లు, అంతే. ఇంటి పక్క చెరువులో కూర్చునేవాడికి ఇప్పటికీ దాన్ని మించింది లేదు, డబ్బులు తగలెయ్యకండి. చిక్కల్లా దాన్ని పట్టుకుని బస్సెక్కినప్పుడే. పది అడుగుల గెడతో ఎక్కినవాణ్ణి నేనే ఎన్నోసార్లు దింపేశాను, ముందు సీటు ముసలమ్మ కంట్లో పొడుచుకుంటే ఎవడు జవాబు చెప్తాడు?

అందుకని నేను కొనుక్కున్నప్పుడు ఫోన్లో ఒకటే వెతికాను, మడిస్తే ఎంత పొట్టిగా ఉంటుంది అని. 35 సెంటీమీటర్లు అని రాసి ఉన్నదాన్ని చూసి, ధర కూడా తక్కువే కదా అని ఎగిరి గంతేసి తెప్పించుకున్నా. ఒకదాంట్లోంచి ఒకటి బయటికొచ్చే గొట్టాల రకం, తెరిస్తే ఏడడుగులు. మొదటి రోజే కళింగపట్నం పట్టుకెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకాయన చూసి "ఏటి కండక్టరు బాబూ, గాలమా, గొడుగా?" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. సాయంత్రం మడుద్దామంటే ఎక్కడో ఇసుక రేణువు దూరి రెండు గొట్టాలు బిగుసుకుపోయాయి, లాగినా తిప్పినా రాలేదు. చివరికి ఏడడుగుల కర్రని అలాగే పట్టుకుని ఆఖరి బస్సెక్కితే మా డిపో వాడే, నా జూనియరు, ముఖం సీరియస్‌గా పెట్టి "అన్నా, దీనికి లగేజీ టికెట్ కొట్టనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. కొట్టమన్నాను, ఏం చేస్తాను.

ఆ రాడ్డు నెల తిరక్కుండానే పోయింది. మా అత్తవారి ఊరి చెరువులో కొరమీను పడి గుర్రపుడెక్కలోకి లాగింది, నేను ఎత్తి పట్టాను, మూడో గొట్టం దగ్గర టప్పున విరిగింది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మడిచినప్పుడు ఎంత పొట్టిగా ఉంటే అన్ని ఎక్కువ ముక్కలు, అన్ని అతుకులు. వెదురు గెడ వంగితే మొదలు నుంచి చివరిదాకా ఒకే వంపుగా వంగుతుంది, బరువంతా పంచుకుంటుంది. అతుకుల కర్రలో అతుకు ఉన్నచోట వంగదు, దాని పక్కనే బరువు పడుతుంది. పైగా ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి పట్టాలి కాబట్టి మొదలు లావుగా, కొస మరీ సన్నగా తయారవుతుంది. జేబులో పట్టే పెన్ను రాడ్లని కూడా అమ్ముతున్నారు, మడిస్తే జానెడు, తెరిస్తే మీటరు. పిల్లలకు ఆటబొమ్మగా కొంటే కొనండి, దాంతో ఏటి ఒడ్డు నుంచి లోపలికి దారం విసరడం మాత్రం జరగని పని.

ఇప్పుడు నా దగ్గరున్నది నాలుగు ముక్కల రకం. ముక్కలు విడివిడిగా ఉంటాయి, ఒకదాని కొస ఇంకోదాంట్లో దూర్చి బిగించుకోవాలి. మొత్తం ఏడడుగులు, విప్పితే ఒక్కో ముక్క 55 సెంటీమీటర్ల పైచిలుకు. భుజానికి తగిలించుకునే సంచిలో ఐమూలగా పెడితే జిప్పు పడుతుంది, అంతకంటే పొట్టిది నాకెందుకు? గొట్టాల రకంతో పోలిస్తే వంపు బాగుంటుంది, ఇసుక పడినా తుడిస్తే పోతుంది. బిగించడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఒక ముక్క ఇంట్లో మర్చిపోతే ఆ రోజు వృథా, అదీ జరిగింది నాకు. గొట్టాల రకం అసలు పనికిరాదని అనను. బండి మీద తిరిగేవాడికి, ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడ ఆగి ఐదు నిమిషాలు వేసి పోయేవాడికి అదే సుఖం. దారం తియ్యకుండానే మడిచెయ్యొచ్చు. కాకపోతే 45, 50 సెంటీమీటర్ల కంటే పొట్టిదాని జోలికి పోకండి, తెరిచేటప్పుడు విసురుగా ఝాడించకండి. కొస నుంచి ఒక్కో గొట్టం మెల్లగా లాగి, దారం దూరే రింగులన్నీ ఒకే వరసలో పెట్టుకోండి, మూసేటప్పుడు మాత్రం లావు వైపు నుంచి మొదలుపెట్టండి.

కర్ర మీద 99 శాతం కార్బన్ అనో ఇంకేదో అనో రాసుంటుంది, ఆ అంకెను నేను పట్టించుకోను. చూడాల్సిన అంకె వేరే ఉంది. దారం కొసన కట్టి ఎన్ని గ్రాముల బరువు విసరొచ్చో పిడికి పైన సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మన చెరువులకి, ఏళ్ళకి 10 నుంచి 30 గ్రాముల దాకా మోసేది, మీడియం అంటారే, అది చాలు. వంశధార సముద్రంలో కలిసే చోట పండుగప్ప మీద ఆశ ఉంటే మీడియం హెవీ, అంటే ఇంకాస్త బరువు మోసేది తీసుకోండి. అసలేమీ రాసి లేని కర్రని ఎంత చవగ్గా ఇచ్చినా అక్కడే వదిలెయ్యండి. రీలు, అంటే దారం చుట్టుకునే చక్రం, బిగించే చోట మర తిప్పి బిగించేది ఉండాలి, ప్లాస్టిక్ రింగు జరిపేది రెండు ట్రిప్పుల్లో వదులైపోతుంది. రీలు 2500 సైజో, 3000 సైజో సరిపోతుంది. చిన్న కర్రకి పెద్ద రీలు తగిలిస్తే చెయ్యి నొప్పే మిగులుతుంది.

కార్బన్ తేలిక, నిజమే, రోజంతా పట్టుకున్నా బరువనిపించదు. రాయికి తగిలి గాటు పడిందంటే మాత్రం తర్వాత ఎప్పుడో చెప్పకుండా విరుగుతుంది. పిల్లల చేతికిచ్చేదైతే ఫైబర్‌గ్లాస్‌దే కొనండి, బరువున్నా తొక్కినా బతుకుతుంది. ఇంకో సంగతి, దీన్ని మాత్రం దయచేసి అచ్చు వెయ్యండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన పక్క చెరువు గట్ల మీద, కాలవల మీద లైన్లు ఎంత కిందికి వేలాడుతుంటాయో అందరికీ తెలుసు. తెరిచిన కర్రని భుజం మీద నిలబెట్టి గట్టు మీద నడవొద్దు. ఉరుము వినబడిందా, కర్ర కింద పడేసి దూరం జరగండి, చేప మళ్ళీ దొరుకుతుంది. ఏట్లో దిగి వేసేవాళ్ళు కూడా మన ఆకాశం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. నాగావళి, వంశధార రెండూ పుట్టింది ఒడిశాలో, అక్కడ గట్టిగా కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది.

ఉప్పునీళ్ళ సంగతి వేరే చెప్పాలి. బీచ్ నుంచి రాగానే ఎంత అలిసిపోయినా కర్రని మంచినీళ్ళతో కడిగి తీరాలి. గొట్టాల రకమైతే అడుగున మర మూత ఉంటుంది, అది విప్పి ముక్కలన్నీ బయటికి తీసి కడిగి, నీడలో ఆరబెట్టి అప్పుడు మూయండి. ఈ మూత సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ లగేజీ టికెట్ డబ్బులు మిగిలేవి. తెగిన దారం అక్కడే పారేసి వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మన జిల్లాలోని తేలినీలాపురానికి అంత దూరం నుంచి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, మన బీచ్‌ల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, నైలాన్ కాళ్ళకి చుట్టుకుంటే అవి విప్పుకోలేవు. చుట్టి సంచిలో వేసుకొస్తే ఏం పోయింది? చెరువైతే ఎవరు పాట పాడుకున్నారో అడిగి, వాళ్ళు సరేనన్నాకే ముల్లు వెయ్యండి, సొంత డబ్బుతో చేపపిల్లల్ని వదిలి పెంచుకున్నవి అవి.

మన ఊళ్ళో వలలు, వల అల్లే ట్వైన్ దారం అమ్మే కొట్లవాళ్ళని కూడా ఒకటి అడుగుతున్నా. నాలుగు రకాల మడత కర్రలు తెప్పించి, ఒక్కోటి విప్పి చేతికివ్వండి బాబూ. ఫోన్లో బొమ్మ చూసి కొంటే కర్ర వంపు తెలీదు, పిడి అరచేతికి సరిపోతుందో లేదో తెలీదు. ఓ వంద ఎక్కువైనా చేత్తో పట్టి చూసి కొనుక్కునే వాళ్ళం చాలామందిమి ఉన్నాం.

చివరగా కండక్టరుగా నాదో విన్నపం. కర్ర ఎంత చిన్నగా మడిచినా, బస్సెక్కే ముందు గాలపు ముల్లుకి ఓ బెండు ముక్క గుచ్చండి. పోయిన చలికాలంలో ఓ కుర్రాడి సంచిలోంచి ముల్లు బయటికొచ్చి పక్కాయన పంచెకి పట్టేసింది. లాగితే చిరుగుతుంది, వదిలితే ఇద్దరూ ఒకే స్టాపులో దిగాలి. చిలకపాలెం దగ్గర బస్సాపి, డ్రైవరు టార్చి పట్టుకుంటే నేను తీశాను.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టరు, శ్రీకాకుళం