తేయాకు తోటల ఇళ్ల గురించి శ్రీలంక సంక్షేమ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2019 సర్వే లెక్కలో మీ దేశంలో పేదలు 14.3 శాతం. పట్టణాల్లో 6 శాతమే, తోటల్లో 33.8. ఆ పైన 2022 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది.

ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాలు మీద, వానలో, జలగల మధ్య పొద్దంతా కోసినా చెప్పిన కిలోలు తూగకపోతే సగం కూలే. ఉండేది బ్రిటిష్ కాలం నాటి లైన్ గదుల్లో, అంటే కూలీల కోసం వరసగా కట్టిన ఇరుకు గదుల్లో. తరాలుగా ఉంటున్నా చాలామందికి పట్టా లేదు. పట్టా లేకపోతే బ్యాంకు అప్పెలా ఇస్తుంది? ఇంట్లో డబ్బుకు కటకటైతే ముందు ఆగేది పిల్లల చదువే.

పేద కుటుంబాలకు 2023లో మొదలైన అశ్వేసుమ అనే ప్రభుత్వ సాయం మంచిదే, కాదనను. కానీ నెలనెలా ఇచ్చే డబ్బుతో ఈ పేదరికం తీరదు. ఇంటి స్థలానికి పట్టా ఇవ్వండి, అదీ ఆకు కోసే ఆ తల్లి పేరు మీదే.