కాలువ గట్టు మీద నడిచి రా

చిన్నీ,

సెప్టెంబరులో ఇటలీ ఆల్ప్స్ కొండల్లోని అవోస్తా లోయకు వెళ్లడానికి నువ్వూ నీ స్నేహితులూ వేసుకున్న జాబితా చూశాను. మొత్తం కోటలే. ఆ లోయలో కోటలకు కొదవ లేదు, మలుపు మలుపుకీ ఒకటి గుట్ట మీద కనిపిస్తుంది. ఉన్న రెండు రోజులూ వాటి మెట్లెక్కి దిగడంతోనే సరిపెడితే అక్కడ మనుషులు ఎలా బతికారో తెలియకుండానే ట్యూరిన్‌కు తిరిగొస్తారు. ఉద్యోగమంతా సాగర్ ఎడమ కాలువ మీదే చేసినదాన్ని కాబట్టి నా సలహా నీళ్ల వైపే మొగ్గుతుంది. అది తెలిసే చదువు.

జూన్‌లో నువ్వు పరీక్షల్లో మునిగి ఉన్నప్పుడు మీ నాన్నా నేనూ తిరిగిన చోట్లే చెబుతాను.

మొదట డొన్నాస్‌లో దిగండి. నదికీ కొండకీ మధ్య జాగా లేని చోట రోమన్లు కొండనే నిలువునా చెక్కి దారి వేశారు. అందులో 221 మీటర్లు ఇంకా మిగిలి ఉంది. బండి చక్రాలు రాళ్ల మీద కోసిన గాడుల్లో వంగి చెయ్యి పెట్టి చూడు. మధ్యలో కనిపించే కమాను కట్టినది కాదు. కొండను తొలిచేటప్పుడు తీయకుండా వదిలేసిన రాయే అది, నాలుగు మీటర్ల మందం ఉంటుంది. పక్కన అదే రాతిలో మలచిన మైలురాయి మీద అవోస్తాకు 36 రోమన్ మైళ్లని రాసి ఉంటుంది, అంటే సుమారు 53 కిలోమీటర్లు. తీసిన రాయంతా ఎక్కడ పోశారా అని నేను ఆలోచిస్తున్నంతసేపూ మీ నాన్న ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

దానికి కాస్త కింద, పోన్ సాన్ మార్తాన్‌లో ముప్పై మీటర్లకు పైగా ఒకే కమానుతో నిలిచిన రోమన్ వంతెన ఉంది. దాన్ని దెయ్యం ఒక్క రాత్రిలో కట్టిందట! మొదట దాటినవాడి ప్రాణం తనకివ్వాలని షరతు పెడితే, మార్టిన్ అనే సాధువు ముందుగా ఒక కుక్కను దాటించి దాన్ని మోసం చేశాడట. కట్టిన మేస్త్రీల పేర్లు జనం మరిచిపోతే ఆ పని దెయ్యాల ఖాతాలో పడుతుంది.

బార్డ్ కోట దారిలోనే కాబట్టి దాన్ని వదలమనను. 1800లో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటి దాదాపు నలభై వేల మందితో దిగిన నెపోలియన్‌ను ఆ కోటలోని నాలుగు వందల మంది ఆస్ట్రియన్ సైనికులు రెండు వారాల పాటు నిలవరించారు. ఫిరంగులను రాత్రివేళ కోట కిందనున్న ఊరి వీధిలోంచి చప్పుడు లేకుండా లాగడానికి దారి మీద గడ్డీ పేడా పరిచారు. తర్వాత నెపోలియన్ కోపంతో కోటను నేలమట్టం చేయించాడు. ఇప్పుడు మనం చూసేది 1830 నుంచి 1838 దాకా మళ్లీ కట్టినది. ఆ పని నడుస్తుండగానే, 1831లో, సైన్యంలో ఇంజినీరుగా ఉన్న కావూర్‌ను అతని ఉదారవాద భావాలు నచ్చక ఇక్కడికి పంపారు. అతను ఆ ఏడాదే సైన్యం వదిలేశాడు, చివరికి ఇటలీ తొలి ప్రధాని అయ్యాడు. నచ్చని చోటికి బదిలీ అయితే ఏం చేయాలో మా శాఖలో ఎవరికీ ఇంత బాగా తెలియలేదు.

అవోస్తా నగరంలో అగస్టస్ కమాను, 22 మీటర్ల ఎత్తున నిలిచిన నాటకశాల గోడ నువ్వెలాగూ చూస్తావు. వాటికన్నా ముందు సంగతి ఒకటుంది. క్రీ.పూ. 25లో రోమన్లు ఆ నగరాన్ని కట్టక ముందు లోయ సలాస్సీ అనే తెగవారిది. వాళ్లు డోరా నది నీళ్లను కాలువల్లోకి మళ్లించి బంగారం కడిగేవారనీ, నది ఎండిపోయి దిగువన మైదానంలో సాగు చేసుకునేవాళ్లు వాళ్లతో తరచూ యుద్ధాలకు దిగేవారనీ ఆ కాలపు గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. రోమన్లు గనులను లాక్కున్నాక కూడా ఎగువ కొండలు సలాస్సీల చేతిలోనే ఉండటంతో, గుత్తేదారులకు నీళ్లు అమ్మి అక్కడా తగాదాలే. ఎగువవాళ్లు, దిగువవాళ్లు, మధ్యలో గుత్తేదారు: రెండు వేల ఏళ్ల కిందటి ఆ పేజీ చదువుతుంటే మా డివిజను కార్యాలయంలో ఫైలు తిరగేస్తున్నట్టే ఉంది. చివరికి రోమన్లు 36,000 మంది సలాస్సీలను బానిసలుగా అమ్మేశారట. ఆ కమాను ముందు నిలబడినప్పుడు వాళ్లను ఒకసారి తలచుకో.

అక్కడి నుంచి కోన్య వైపు వెళ్తే ఐమావిల్ ఊరి పరిధిలో పోన్ దాయెల్ ఉంది. జాబితాలో ఏది కొట్టేసినా దీన్ని మాత్రం కొట్టేయొద్దు. ఇరుకైన అగాధం మీద, వాగుకు యాభై మీటర్లకు పైగా ఎత్తున, క్రీ.పూ. 3లో కట్టిన నీటి వంతెన ఇది. పైన నీళ్లు పారేవి, కింది అంతస్తులో మనుషులు నడిచేవారు. ఇప్పుడు ఆ లోపలి దారిలో మనమూ నడవవచ్చు. పదువాకు చెందిన కాయుస్ అవిల్లియుస్ కైముస్ అనే ఆసామి సొంత ఖర్చుతో కట్టించానని, ఇది ప్రైవేటుదని రాతి మీద చెక్కించుకున్నాడు. చలువరాతి గనుల కోసమే ఈ నీళ్లని పరిశోధకులు అంటారు. నా కళ్లు మాత్రం నీటి మట్టం మీదే ఉన్నాయి. అంత లోతైన చోట అటూ ఇటూ మట్టం ఎలా కలిపారో చూస్తుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇక అసలు సంగతి. చుట్టూ నాలుగు వేల మీటర్లు దాటిన శిఖరాలు మేఘాలను అడ్డుకోవడంతో లోయ అడుగున వాన చాలా తక్కువ. అవోస్తాలో ఏడాదికి 600 మిల్లీమీటర్లు దాటడం అరుదు. మన అనంతపురానికీ దానికీ పెద్ద తేడా లేదు. పైన మంచునదులు, కింద ఎండిన పొలాలు. అందుకని మధ్యయుగంలో ఊళ్లవాళ్లు కొండవాలు వెంబడి కాలువలు తవ్వుకున్నారు. వాటిని రూ అంటారు. ఆయాస్ లోయ ఎగువ నుంచి సాన్ వాన్సాన్ వైపు వచ్చే రూ కూర్తో 14వ శతాబ్దం చివర మొదలై 15వ శతాబ్దంలో పూర్తయింది, పొడవు సుమారు 25 కిలోమీటర్లు. రాతి గోడ అడ్డొచ్చిన చోట చెక్క దోనెలు వేలాడదీశారు. కొండచరియ విరిగి గండి పడితే మళ్లీ కట్టుకున్నారు. ఎవరి వాటా ఎంత, ఎవరి వంతు ఏ గంటకు అనేది కట్టుబాటు. కాలువ వెంట తిరిగి కాపు కాయడానికి మనిషి ఉండేవాడు, అచ్చం మన లస్కరు! ఎండ తగిలే వాలు మీది పంటలూ గడ్డీ ఆ వంతుల మీదే బతికాయి. సాగర్ కాలువ మీద వారబందీ, అంటే వంతులవారీ నీటి పంపిణీ, అమలుకు మేము పడ్డ పాట్లు నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను కదా. ఆ లోయలో గొలుసు పట్టి కొలిచే సర్వేయర్లు లేని కాలంలో రైతులే అది చేసుకున్నారు.

కాలువకు వాలు తక్కువ కాబట్టి గట్టు మీది కాలిబాటకూ తక్కువే. మోకాళ్ల నొప్పితో నేనే నడిచాను. కొన్ని చోట్ల నీళ్లను గొట్టాల్లోకి ఎక్కించారు, అక్కడ బాట బోసిగా ఉంటుంది.

మూడో రోజు దొరికితే గ్రాన్ పారదీసో ఉద్యానవనంలో వల్నోంతే నుంచి సెల్లా విడిది దాకా ఎక్కండి. దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. వేటకు వెళ్లే రాజు గుర్రం దిగనక్కరలేకుండా వేయించిన మెలికల బాట కాబట్టి ఊపిరి మరీ అంత బిగదీయదు. ఆ రాజుల వేట భూమే 1922లో ఇటలీ తొలి జాతీయ ఉద్యానవనమైంది. ఐబెక్స్ అనే పెద్ద కొమ్ముల అడవిమేకలు కనిపిస్తాయి. రెండు రోజులే అయితే దీన్ని వదిలెయ్.

ఒక్క కోటకు లోపలికి వెళ్లాలంటే ఇసోన్య చాలు. పదిహేనో శతాబ్దం చివరి ప్రభువు తన వాకిట్లో గోడల మీద యుద్ధాలు కాకుండా దర్జీ కొట్టు, మందుల కొట్టు, కూరగాయల సంత వేయించాడు. నాకు ఆయన నచ్చాడు.

బాటల దగ్గర పసుపు పలకల మీద కిలోమీటర్లకు బదులు నడకకు పట్టే సమయం రాస్తారు. మీకు దానికి సగం కలుపుకోండి. ‘ఈఈ’ అని ఉన్నవి అనుభవం ఉన్నవాళ్లకు, మీకు కాదు. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టవచ్చు, పొద్దున్నే బయలుదేరండి. తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి, పక్క లోయల్లో బస్సులు తక్కువ. అత్యవసరమైతే 112.

నీ సంచిలో ఒక కొలత టేపు పెట్టుకో. రూ నుంచి పిల్లకాలువకు నీళ్లు విడిపోయే తూము కనిపిస్తే దాని వెడల్పు, లోతు కొలిచి నాకు పంపు. జూన్‌లో నా దగ్గర టేపు లేదు. మీ నాన్న చెప్పుతో కొలుస్తానన్నారు, నేనే వద్దన్నాను.

అమ్మ