వార్షికోత్సవం వేదిక మారింది, ఎందుకంటే

మన డాన్స్ స్కూలు వార్షికోత్సవం తేదీ మారలేదు. డిసెంబర్ రెండో శనివారమే. కానీ మీకు పంపిన కార్డులో ఉన్న ఆడిటోరియంలో కాదు. విశాఖ అక్కయ్యపాలెంలో మన స్కూలుకి దగ్గర్లో ఉన్న ఒక ఫంక్షన్ హాలు కింది అంతస్తులో చేస్తున్నాం. స్టేజి ఉండదు. హాలు చిన్నది కాబట్టి ఒక ఆట బదులు రెండు ఆటలు, సాయంత్రం నాలుగింటికి ఒకటి, ఏడింటికి ఒకటి. కొత్త కార్డు ఫోన్లకి వస్తుంది.

గ్రూపులో ఇప్పటికే రకరకాలుగా అనుకుంటున్నారు. టీచర్ దగ్గర డబ్బులు అయిపోయాయని కొందరు, ఆడిటోరియం వాళ్ళు పొమ్మన్నారని కొందరు. రెండూ కాదు. ఇన్నేళ్ళుగా పిల్లల్ని మా చేతుల్లో పెడుతున్నారు, జరిగిందేమిటో మీకు నేనే చెప్పాలి.

మన స్కూల్లో వేరు వేరు బ్యాచ్‌లు లేవని మీకు తెలుసు. నడిచే పిల్లలు, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు, వినపడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ఆటిజం ఉన్న పిల్లలు అందరూ ఒకే గదిలో నేర్చుకుంటారు, ఒకే ఐటమ్‌లో చేస్తారు. ఈసారి తరంగం అనే కూచిపూడి ఐటమ్‌లోనూ, చివర్లో చేసే తిల్లానాలోనూ వీల్‌చైర్ వాళ్ళు గుంపు మధ్యలో ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్ళ అడుగులన్నీ వాళ్ళ కుర్చీలు తిరిగే దారిని బట్టే కూర్చాను. అంటే వాళ్ళు స్టేజి మీద లేకపోతే ఆ ఐటమే లేదు.

ఆ ఆడిటోరియం స్టేజి నాలుగడుగుల ఎత్తు. ఎక్కడానికి పక్కన మెట్లు మాత్రమే. వీల్‌చైర్ తనంతట తాను ఎక్కాలంటే ర్యాంపు వాలు 1:12కి మించకూడదు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఇది నా సొంత లెక్క కాదు, కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నదే. అలా నాలుగడుగులకి 48 అడుగులు కావాలి. మధ్యలో ఆగడానికి ఒక చదును, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీ. పక్క నడవా పొడవు కొలిచి, ఎల్ ఆకారంలో మలిస్తే సరిగ్గా సరిపోతుందని చూసుకున్నాకే హాలు బుక్ చేశాం.

ర్యాంపు కట్టే పని స్టేజీలు వేసే ఒకాయనకి ఇచ్చాను. పేరు రాయను. ఒకే ఊళ్ళో ఉన్నాం, రేపు ఎదురుపడాలి. బొమ్మ గీసి, కొలతలన్నీ వేసి చేతికిచ్చాను. ఫోటో తీసుకున్నాడు. "అక్కా, పెళ్ళికొడుకుని గుర్రం మీద స్టేజి దాకా ఎక్కించిన వాళ్ళం, ఇదెంత" అన్నాడు. అడ్వాన్సు తీసుకున్నాడు. మధ్యలో ఎప్పుడు అడిగినా "వెల్డింగ్ అవుతోందక్కా" అనేవాడు. మధురవాడ షెడ్డులో ఉంది, గాజువాక షెడ్డులో ఉంది, పెయింటు ఆరుతోంది అని రకరకాలుగా చెప్పాడు. నాకు అనుమానం రాకపోలేదు. కానీ అక్కా అని పిలిచేవాణ్ణి పదే పదే ఎలా నిలదీస్తాం?

రిహార్సల్ రోజు వ్యాన్‌లోంచి దింపినవి రెండు ఇనుప పలకలు. స్పీకర్ బాక్సులు లారీలోకి తోయడానికి వాడేవి. పన్నెండు అడుగుల పొడవు, సముద్రపు గాలికి అంచులన్నీ తుప్పు. స్టేజికి ఆనించి "ఇదిగో ర్యాంపు" అన్నాడు. నాలుగడుగుల ఎత్తుకి పన్నెండు అడుగులంటే వాలు 1:3. నేనే చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ముందుకి వంగి ఎక్కాల్సి వచ్చింది. దిగేటప్పుడు ఆయనే చెయ్యి అందించాడు. అప్పుడైనా అర్థమైందేమో అనుకున్నాను, కాలేదు. "మిగతాది నేను చూసుకుంటానక్కా, నలుగురు కుర్రాళ్ళని పెడతాను, కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టేస్తారు" అన్నాడు. అదేదో ఉదారంగా ఇస్తున్నట్టు.

ఆడిటోరియం మేనేజర్ ఇంకో మాట చెప్పారు. వీల్‌చైర్ పిల్లలది మాత్రం స్టేజి ముందు కింద చేయించండి, మిగతా వాళ్ళు పైన చేస్తారు, చూడ్డానికి కూడా బాగుంటుంది అని. ఇలాంటి పిల్లలకి డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవానికి స్పెషల్ ప్రోగ్రాం ఎలాగూ ఉంటుంది కదా మేడమ్ అని కూడా అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ నాట్యం, కళల గురించే మాట్లాడుతుందనీ, అందుబాటు ప్రమాణాలు సలహాల దగ్గరే ఆగిపోకూడదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పిందనీ అన్నాను. చట్టం మాట ఎత్తగానే ఆయన మొహం మారిపోయింది. గొడవ పెట్టుకోవడానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

ఇక్కణ్ణుంచి రాయడమే నాకు కష్టం. ఎందుకంటే ఎత్తి పైన పెట్టడానికి ఒప్పుకుంటే అంతా అయిపోయేది. హాలు డబ్బులు పోయేవి కావు, కార్డులు మళ్ళీ కొట్టించక్కర్లేదు, ఫ్లెక్సీలో ప్రకటన ఇచ్చిన షాపుల వాళ్ళకి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. వీల్‌చైర్ పిల్లల తల్లిదండ్రుల్లోనే కొందరు ఒప్పుకోమన్నారు. "ఇంట్లో రోజూ మేం ఎత్తుకోవట్లేదా టీచర్, ఒక్క సాయంత్రానికి ఏమవుతుంది" అని ఒక తండ్రి అడిగారు. నిజమే. ఆయన మూడో అంతస్తు నుంచి రోజూ కూతుర్ని ఎత్తుకుని దింపుతారు. ఆ మనిషికి నేను నీతులు చెప్పలేను.

రెండో వైపు మిగతా పిల్లల తల్లిదండ్రులు. దాపరికం ఎందుకు, స్కూలు అద్దె కట్టేది చాలావరకు వాళ్ళ ఫీజులే. మొదటిసారి స్టేజి ఎక్కే చిన్నపిల్లలున్నారు. వాళ్ళ అమ్మమ్మలు శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం నుంచి రైలు టిక్కెట్లు తీసుకున్నారు. పెద్ద ఆడిటోరియం, ఎర్రటి తెర, లైట్లు, ఫోటోలు. దాని కోసమే ఏడాదంతా పిల్లల్ని స్కూటీ మీద తీసుకొస్తారు. అది చిన్న కోరికేమీ కాదు. స్టేజి లేదంటే మానేస్తామని ఇద్దరు ముగ్గురు మొహం మీదే చెప్పారు.

వాయిదా వేద్దామా అనుకున్నాను. సంక్రాంతి తర్వాతంటే టెన్త్, ఇంటర్ పిల్లలు పరీక్షల టెన్షన్‌లో పడిపోతారు, ఎవరూ దొరకరు. ఐటమ్‌లు మార్చి వీల్‌చైర్ వాళ్ళని వేరుగా పెడదామా అని కూడా ఒక రాత్రి కాగితం మీద రాసుకున్నాను. పొద్దున్న చూస్తే నాకే ఒళ్ళు మండింది, చింపేశాను.

చివరికి ఆ పిల్లల్నే అడిగాను. పిల్లలంటున్నాను గానీ అందులో పెద్దమ్మాయి ఉద్యోగం చేసుకుంటోంది. మోటారు కుర్చీలో వస్తుంది, ఆ కుర్చీని మనిషితో సహా ఎత్తడమంటే మాటలు కాదు. తను అన్నది ఇది: "ఎత్తి పైన పెట్టగానే జనం చప్పట్లు కొడతారు టీచర్. ఆ తర్వాత నేనెంత బాగా చేసినా అంతకంటే గట్టిగా కొట్టరు."

ఆ మాట విన్నాక ఆడిటోరియం వద్దని తేల్చేశాను. మన స్కూలు పేరు మీద జరిగే ఏ కార్యక్రమంలోనూ ఎవరినీ ఎత్తి స్టేజి ఎక్కించడం ఉండదు. మొండితనం అనుకుంటే అనుకోండి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది ఒక చూపులేని అబ్బాయి సంగీతం నేర్చుకోవాలన్న కోరిక వల్లేనని ఉత్తరాంధ్రలో అందరూ చెప్పుకుంటారు. అక్కడే పాఠాలు చెప్పి, ప్రిన్సిపాల్ కూడా అయిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు బాగా తక్కువ. అలాంటి గడ్డ మీద నిలబడి "ఇలాంటి పిల్లలకి స్పెషల్ ప్రోగ్రాం" అన్న మాట వినాల్సి వచ్చిందని నాకు ఇప్పటికీ మంటగానే ఉంది.

ఇక కొత్త హాలు సంగతి. గేటు నుంచి లోపలి దాకా ఎక్కడా మెట్టు లేదు. వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ ఉంది, తలుపు వెడల్పు టేపుతో కొలిచాను. ఇబ్బందల్లా నేలతోనే. టైల్స్ మీద కుర్చీ జారుతుంది, నడిచే పిల్లల మడమలకి దెబ్బ. వినపడని పిల్లలకి అయితే టైల్స్ అసలు పనికిరావు. మృదంగం దెబ్బ, స్పీకర్‌లో బేస్ చెక్క నేల గుండా పాదాలకి తెలిస్తేనే వాళ్ళకి తాళం అందేది. స్కూల్లో చెక్క నేల వేయించింది అందుకే. కాబట్టి హాలు మధ్యలో చెక్క పట్టీలు పరిచి, వాటి మీద మందపాటి ప్లైవుడ్ బిగిస్తున్నాం. బేస్ స్పీకర్లు ఆ ప్లైవుడ్ మీదే పెడతాం. అంతా కలిపి మూడు అంగుళాల ఎత్తు. మూడు అంగుళాలకి మూడడుగుల ర్యాంపు చాలు, అది మన స్కూలు వడ్రంగే ఒక పూటలో చేసిచ్చాడు. షెడ్డూ లేదు, పెయింటూ ఆరలేదు.

అతుకులన్నింటి మీదా టేపు వేస్తాం. వీల్‌చైర్ ముందు చిన్న చక్రాలు అతుకులో పడితే కుర్చీ ఉన్నట్టుండి ఆగిపోతుంది, మనిషి ముందుకి తూలుతుంది. ఎందుకింత పట్టింపు అంటే, చక్రం తోసే చేతులే ముద్ర కూడా పట్టాలి. ఒక్కసారి తోసి వదిలాక కుర్చీ జారే ఆ రెండు మూడు సెకన్లలోనే హస్తం, చూపు అన్నీ పూర్తవ్వాలి. నేల పాడైతే అభినయం పోయినట్టే. చూపు లేని పిల్లల కోసం అంచుకి రెండడుగులు లోపలగా టేపు కింద తాడు వేస్తున్నాం, పాదానికి తగలగానే హద్దు తెలుస్తుంది.

ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు. వీల్‌చైర్‌లో వచ్చే ప్రేక్షకులకి ముందు వరసలోనూ, మధ్య వరసల్లోనూ ఖాళీలు వదులుతున్నాం, మూలకి నెట్టేది లేదు. సైన్ లాంగ్వేజ్‌లో చెప్పేవారు రెండు ఆటలకీ ఉంటారు, వాళ్ళ మీద లైటు ఆరదు. నాలుగింటి ఆటలో సౌండు తగ్గించి, హాలు పూర్తిగా చీకటి చేయకుండా నడుపుతాం. పిల్లలు లేచి తిరిగినా, మధ్యలో బయటికి వెళ్ళి వచ్చినా ఎవరూ ఉష్ అనకూడదు. పక్కనే ఒక నిశ్శబ్దపు గది ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలతో వచ్చేవాళ్ళు ఆ ఆటే ఎంచుకోండి.

ఈసారి ముఖ్య అతిథి లేరు. ప్రతి అతిథీ మైకు పట్టుకోగానే సుధాచంద్రన్ గారి గురించి చెబుతారు. 1981లో ప్రమాదంలో కాలు పోయాక జైపూర్ కాలు అనే కృత్రిమ కాలుతో మళ్ళీ నాట్యం చేసిన ఆవిడంటే నాకూ గౌరవమే. కానీ ఆ ఉపన్యాసం ఇచ్చి దిగిన వాళ్ళలో ఒక్కరూ మా పిల్లలు ఏ దారిన స్టేజి ఎక్కారని అడగలేదు. ఆ సమయం ఇంకో ఐటమ్‌కి వాడుకుంటాం.

స్టేజి లేదు కాబట్టి రావడం ఇష్టం లేనివాళ్ళకి టిక్కెట్ డబ్బు, కాస్ట్యూమ్ డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాను. మొహమాటం వద్దు, నేనేమీ అనుకోను. (అనుకుంటాను, కానీ డబ్బు మాత్రం ఇచ్చేస్తాను.) ఫీజు పెంచడం లేదు. ఆడిటోరియం వాళ్ళ దగ్గర పోయిన డబ్బు, స్టేజి ఆయన ఇంకా తిరిగి ఇవ్వని అడ్వాన్సు, రెండూ నా లెక్కలోవి. ఆ అడ్వాన్సు వసూలు చేసి తీరతాను.

బయటి కార్యక్రమాల గురించి చాలామంది అడుగుతున్నారు. డిసెంబర్ 3 దగ్గర పడగానే ఆఫీసులూ, క్లబ్బులూ వరసగా ఫోన్ చేస్తాయి. ఒక మెమెంటో, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి పంపేస్తారు. ఇక నుంచి స్టేజి ఎలా ఉందో నేను ముందు వెళ్ళి చూసి, ప్రయాణ ఖర్చుతో పాటు కళాకారులకి ఇచ్చే పారితోషికం ఇస్తామంటేనే ఒప్పుకుంటాను. అన్నీ అలాంటివే అనను. కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం 2019 నుంచి దివ్య కళా శక్తి పేరుతో ప్రదర్శనలు నిర్వహిస్తోంది. దివ్యాంగులు తయారుచేసిన వస్తువులు అమ్మే దివ్య కళా మేళాల్లోనూ సాంస్కృతిక కార్యక్రమాలుంటాయి. అలాంటి పిలుపు ఏది వచ్చినా గ్రూపులో పెడతాను. మన వార్షికోత్సవం వీడియో ఈసారి ఐటమ్ ఐటమ్‌గా విడదీసి ఇస్తాం, దరఖాస్తులకి పనికొస్తుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) కాపీలు ఒక ఫైల్లో పెట్టుకుని ఉండండి, చివరి నిమిషంలో పరుగులు ఉండవు.

ఏడింటి ఆటకి సీట్లు దాదాపు నిండాయి, నాలుగింటికి ఇంకా ఉన్నాయి. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ప్లైవుడ్ పరచడం మొదలుపెడతాం. నాన్నలు, బాబాయిలు, మేనమామలు ఎవరు వీలైతే వాళ్ళు రండి. ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, మన దగ్గర ఉన్నది ఒక్కటే. టీ, టిఫిన్ మాదే.