డాక్టరా, ఇంజనీరా అని అడిగావుగా

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చదివి నవ్వుకున్నాను. "మా సాహితి కాగ్నిటివ్ సైన్స్ చదువుతానంటోంది, అది చదివితే డాక్టరవుతుందా, ఇంజనీరవుతుందా?" అని అడిగావు. రెండూ అవ్వదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో మీ కాలేజీ రాజకీయాల్లోకి దూకుతావు, అందుకని ఇలా రాస్తున్నాను. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. అసలు టెన్షన్ ఆమెదని నాకు తెలుసు.

మనిషి మాటని ఎలా అర్థం చేసుకుంటాడు, ముఖాన్ని ఎలా గుర్తుపడతాడు, ఎందుకు మరిచిపోతాడు, ఇవీ నేను పనిచేసే ఈ కాగ్నిటివ్ సైన్స్‌లో మా ప్రశ్నలు. ఇవి ఒక్క డిపార్ట్‌మెంటుకి లొంగవు. పక్షవాతం వచ్చిన మనిషి మెదడులో ఏ భాగం దెబ్బతిందో న్యూరాలజిస్టు చెబుతాడు. ఆ మనిషి మాటల్లో విభక్తులు పోయాయా, క్రియలు పోయాయా అన్నది పట్టుకోవాలంటే భాషాశాస్త్రం తెలిసినవాడు కావాలి. ఆ లెక్కలన్నీ కట్టడానికి స్టాటిస్టిక్స్, కంప్యూటర్ వాళ్ళు ఉండనే ఉన్నారు. 1956 సెప్టెంబరు 11న అమెరికాలో ఎంఐటీలో జరిగిన ఒక సమావేశంలో కంప్యూటర్ల వైపు నుంచి న్యూవెల్, సైమన్, భాషాశాస్త్రం నుంచి చోమ్‌స్కీ, సైకాలజీ నుంచి మిల్లర్ ఒకే రోజు మాట్లాడారు. ఈ శాస్త్రం ఆ రోజే పుట్టిందని తర్వాత మిల్లరే అన్నాడు. ఆపైన 1970లలో స్లోన్ ఫౌండేషన్ అనే దాతల సంస్థ డబ్బులిచ్చి కొన్ని యూనివర్సిటీల్లో ఈ పనికి ఊతమిచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు, మన ఊరి సంగతికి వస్తాను.

హైదరాబాద్‌లో జరిగిన ఒక పని చెబితే, రకరకాల శాస్త్రాల వాళ్ళని ఒక్కచోట చేర్చే కాగ్నిటివ్ సైన్స్ సెంటర్లు ఎందుకో నీకే తెలిసిపోతుంది. 2007లో టొరంటోలో 184 మంది మతిమరుపు జబ్బు పేషెంట్లని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా వస్తోందన్నారు. బాగుంది కానీ ఒక చిక్కు. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్ళు ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. ఆలస్యానికి కారణం భాషా, లేక దేశం దాటి వచ్చి బతకగలిగిన వాళ్ళ ఆరోగ్యమూ గట్టిదనమా? అక్కడ ఉండి ఆ ముడి విప్పడం కష్టం. మన ఊళ్ళో అయితే వలస పోకుండానే, బడి గడప తొక్కకుండానే రెండు మూడు భాషలు వస్తాయి. బేగంబజార్‌లో మూటలు మోసేవాడు తెలుగులో బేరమాడి, ఉర్దూలో తిట్టి, హిందీలో లెక్క చెబుతాడు.

పంజాగుట్ట నిమ్స్‌లో మెమరీ క్లినిక్ నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి గారు ఈ వీలుని పట్టుకున్నారు. ఆవిడతోపాటు ఉస్మానియా నుంచి భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత గారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి కంప్యూటర్ సైన్స్ మనిషి సూరంపూడి బాపిరాజు గారు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ పనిచేశారు. 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూశారు, అందులో 391 మందికి ఒకటికి మించి భాషలు వచ్చు. 2013లో ఫలితం బయటపెట్టారు: ఒక్క భాషే వచ్చినవాళ్ళకన్నా ఈ గుంపుకి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్ళలో కూడా తేడా కనిపించింది. కాబట్టి చదువు వల్లనే అనడానికి లేదు, వలస వల్లనే అనడానికీ లేదు. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వచ్చినా అదనంగా లాభమేమీ కనబడలేదు. నీ ఆరు భాషల గొప్ప ఇక్కడ చెల్లదన్నమాట.

2016లో ఇదే జట్టు పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషల గుంపులో 40 శాతం, ఒక్క భాష గుంపులో 20 శాతం. అలాగని దీన్ని టానిక్కులా తీసుకోకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తూ వెళ్ళిన అధ్యయనాల్లో ఫలితం ఇంత తేటగా రాలేదు, వాదన ఇంకా నడుస్తోంది. నా మటుకు నాకు ఫలితం కన్నా ఆ జట్టు కూడిన తీరే ముఖ్యం. ఆ నలుగురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ ప్రశ్న అడిగుండేవాళ్ళు కాదు.

పరీక్షల గొడవ ఇంకోటి. జ్ఞాపకశక్తి చూసే ఒక పేరున్న పరీక్ష కేంబ్రిడ్జ్ ఆసుపత్రిలో తయారైంది. అందులో గుర్తుపెట్టుకోమని ఇచ్చే పేరు హ్యారీ బార్న్స్, అతని ఇంగ్లండు అడ్రసుతో సహా. మా నాయనమ్మలాంటి మనిషికి ఆ పేరు చెప్పి, పది నిమిషాలయ్యాక అడిగి, గుర్తులేదంటే జబ్బని రాయాలా? అందుకే దాన్ని తెలుగు మనిషికి తగ్గట్టు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పని డాక్టరొక్కడి వల్ల కాదు, మన భాషా మన ఇళ్ళూ తెలిసిన మనిషి పక్కనుండాలి.

ల్యాబ్ ఎలా ఉంటుందో సాహితికి చెప్పు. ఈఈజీ అంటే తలకి టోపీలాంటిది తొడిగి, ఎలక్ట్రోడ్ల కింద జెల్ పెట్టి, మెదడు నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్తుని గీతగా రాసుకోవడం. వచ్చేవాళ్ళకి ముందే చెబుతాం, తలస్నానం చేసి రండి, నూనె మాత్రం పెట్టుకోకండి అని. అయినా సగం మంది కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ వస్తారు. "అమ్మ పప్పులో ఉప్పు వేసింది" అని వినిపిస్తే గీత మామూలుగా పోతుంది. "అమ్మ పప్పులో చెప్పు వేసింది" అంటే ఆ మాట మొదలైన సుమారు 400 మిల్లీసెకన్ల దగ్గర గీత ఒక్కసారి కుంగుతుంది. మనిషికి నవ్వు రాకముందే మెదడు తేడా పట్టేసింది! ఈ కుంగుని 1980లో కూటస్, హిల్‌యార్డ్ అనే ఇద్దరు ఇంగ్లిష్ వాక్యాలతో కనిపెట్టారు. ఎప్పుడు జరిగిందో ఈఈజీ చక్కగా చెబుతుంది, మెదడులో ఎక్కడ జరిగిందో సరిగ్గా చెప్పలేదు. మెదడు పనిచేస్తుండగా తీసే ఫంక్షనల్ ఎంఆర్ఐ స్కాను దానికి తిరగేసి. చోటు మిల్లీమీటర్లలో చూపిస్తుంది కానీ అది చూసేది రక్తప్రవాహం, అందులో మార్పు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రెండూ చూడాల్సిందే.

స్కాను అంటే గుర్తొచ్చింది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో మన మెదడుకో నమూనా అట్లాసు చేశారు. అంతవరకు అందరూ కెనడాలో తెల్లవాళ్ళ మెదళ్ళతో చేసిన నమూనాతో పోల్చి చూసేవాళ్ళు. మన సగటు మెదడు ఎత్తులో, వెడల్పులో దానికన్నా కాస్త చిన్నదని తేలింది. తెలివి తక్కువని కాదురా, నవ్వకు. ముసలితనంలో మెదడు కుంచించుకుపోయిందా అని చూసేటప్పుడు కొలబద్ద మనది కాకపోతే ఆరోగ్యవంతుడికీ జబ్బు అంటగడతాం.

ఇప్పుడు చెల్లెమ్మ వినాల్సినవి. ఈ సెంటర్ల బతుకు అంత హాయిగా ఉండదు. నేను పనిచేసే చోట సొంత స్కానర్ లేదు. ఆసుపత్రిలో పేషెంట్లంతా అయ్యాక, రాత్రిపూట ఖాళీ దొరికితే వెళ్తాం. ప్రమోషన్ల దగ్గర ఇంకా ఘోరం. కంప్యూటర్ వాళ్ళు ఇది మా పేపరు కాదంటారు, సైకాలజీ వాళ్ళూ అదే మాటంటారు, మధ్యలో మనిషి రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. గోడ మీద బోర్డు మార్చడం తేలిక, లెక్కించే పద్ధతి మార్చడం ఎవరికీ ఇష్టం లేదు.

ఉద్యోగాల సంగతి: పరిశోధనలోకి వెళ్ళాలనుకుంటే పీహెచ్‌డీ తప్పదు. మాధాపూర్ కంపెనీల్లో యాప్ వాడే మనిషి ఎక్కడ తికమకపడుతున్నాడో చూసే పనులు, మాటని గుర్తించే సాఫ్ట్‌వేర్ పనులు ఉన్నాయి. పేషెంట్లకి చికిత్స చేస్తానంటే మాత్రం కాగ్నిటివ్ సైన్స్ ఎమ్మెస్సీ చాలదు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు వేరే చెయ్యాలి. ఇది ముందే తెలియక ఏడ్చిన పిల్లల్ని చూశాను.

సాహితిది ఎంఎస్‌సీఎస్ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్) గ్రూపు కాబట్టి స్టాటిస్టిక్స్ భయం లేదు, మంచిదే. పైథాన్ ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమను. సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. రెండూ చూడమను. ఎక్కడికెళ్ళినా మూడు సంగతులు అడగమను: ల్యాబ్ మిషన్లు పిల్లల చేతికిస్తారా, గైడుతో పాటు వేరే విభాగం నుంచి ఇంకొకరు నిజంగా చూస్తారా, పాసైన వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు. జవాబు నాన్చితే అక్కడ చేరొద్దు.

దరఖాస్తు పెట్టే ముందు ఒక శనివారం పంపు, మావయ్య దగ్గరే ఉండి ల్యాబులు చూసుకుని వెళ్తుంది. మీ ఆవకాయ డబ్బా మరిచిపోకుండా ఇచ్చి పంపు.

ఇట్లు,
నీ రవి